నీడలను పట్టే విద్య
(ఉగాది ఉత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)



కూచిపూడి నాట్యానికీ, పాటకచేరీకీ మధ్య మాకు పది నిమిషాలు ఇచ్చారు. ఇక్కడి ఆస్పత్రులలో ఎక్స్-రే, స్కానింగ్ విభాగాలలో పనిచేసే తెలుగువాళ్ళం కొందరం కలిసి ఈ నాలుగు మాటలూ సిద్ధం చేసుకున్నాము. పండుగపూట ఆస్పత్రి సంగతులేమిటని విసుక్కోకండి. ఎక్కడ నలుగురం కలిసినా మమ్మల్ని పక్కకు పిలిచి చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. "మావాడు ఇంటర్ బైపీసీ పాసయ్యాడు. మీ లైనులో చేర్పిస్తే ఇక్కడికి తెచ్చుకోవచ్చునా?" అని. అందరికీ ఒక్కసారే జవాబు చెప్పడం మంచిదనిపించింది.

మా గదితో పరిచయం లేనివారు ఈ సభలో బహు కొద్దిమంది. కడప నుండి వచ్చినా, గోదావరి జిల్లాల నుండి వచ్చినా, విమానం ఎక్కకముందు గమ్కా మెడికల్‌లో ఛాతీని పలకకు ఆనించి నిలబడినవాళ్ళమే. ఆ గమ్కానే ఇప్పుడు వాఫిద్ అంటున్నారు. ఇక్కడ దిగిన తర్వాత ఇఖామా కోసం మళ్ళీ నిలబడ్డాము. "ఖుద్ నఫస్" అని ఒక గొంతు వినిపించింది. ఊపిరి పీల్చి బిగపట్టాము. అంతలోనే అయిపోయింది.

ఆ అరనిమిషం మీద మన బ్రతుకుతెరువు ఆధారపడి ఉంది. డాక్టరుగారు మన ఛాతీని చూడరు, ఛాతీ నీడను చూస్తారు. ఆ నీడను సరిగా పట్టవలసినది టెక్నీషియన్. ఊపిరి నిండుగా పీల్చకపోతే ఊపిరితిత్తుల అడుగుభాగం ముడుచుకొని జబ్బు ఉన్నట్టు కనిపించవచ్చు. గుండె కూడా ఉన్నదానికంటె పెద్దదిగా కనిపిస్తుంది. భుజాలు ముందుకు వంచకపోతే వీపు రెక్క ఎముకలు అడ్డువస్తాయి. ఆడవారి జడ భుజం మీదుగా పడితే దాని నీడ ఊపిరితిత్తి పైభాగంలో మచ్చలా వస్తుంది. పెద్దవాళ్ళలో క్షయ సాధారణంగా కనిపించేది సరిగ్గా అక్కడే! నల్లపూసలు, తాయెత్తు, పిన్నీసు తీయమని మేము అడిగేది అందుకే. వాటిని తీయించడం తెలియని చేతిలో పడితే ఆరోగ్యవంతుడికి కూడా అనుమానం అంటుకుంటుంది.

అందుచేత మా పని మీట నొక్కడమని ఎవరైనా అంటే మాకు కొంచెం కష్టంగా ఉంటుంది. 1895 నవంబరు 8న జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో రాంట్‌జెన్ ఈ కిరణాలను కనుగొన్నాడు. 1901లో భౌతికశాస్త్రానికి ఇచ్చిన మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆయనదే. అయితే ఎడిసన్ దగ్గర ఈ కిరణాలతో పనిచేసిన క్లారెన్స్ డాలీ చేతులు కాలి, చేతులు తీసివేయించుకొని, 1904లో మరణించాడు. అలా పోయిన వారి పేర్లతో 1936లో హాంబర్గులో ఒక స్మారక స్తంభం నిలబెట్టారు. ఈనాడు మేము నిర్భయంగా పనిచేస్తున్నామంటే అది వారు నేర్పిన పాఠమే. తక్కువ సేపు, ఎక్కువ దూరం, మధ్యలో సీసపు అడ్డు. దూరం రెట్టింపు అయితే రేడియేషన్ నాలుగో వంతుకు తగ్గుతుంది. ఒంటి మీద బ్యాడ్జి పెట్టుకుంటాము. ఎంత రేడియేషన్ సోకినదీ అది లెక్క చెబుతుంది. ఇండియాలో ఆ పరిమితి ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు. "ఆడపిల్లను ఈ చదువులో పెట్టవచ్చునా?" అని అడిగే తల్లులకు మా జవాబు ఇదే. పద్ధతిగా నేర్చినవారికి భయం లేదు. నేర్వనివారికి, మగవారైనా సరే, భయమే.

మా పెద్దవాళ్ళు చీకటిగదిలో డెవలపరు, ఫిక్సరు తొట్ల దగ్గర ఫిల్ములు కడిగేవారు. ఇప్పుడు బొమ్మ కంప్యూటరులో పడుతోంది. పని తేలికైందని కొందరు అనుకుంటారు. కాని ఆ రోజులలో రేడియేషన్ ఎక్కువైతే ఫిల్ము నల్లబడి తప్పు బయటపడేది. ఇప్పుడు ఎక్కువిచ్చినా కంప్యూటరు బొమ్మను చక్కగానే చూపిస్తుంది. రోగికి తగిలిన అదనపు దెబ్బ కంటికి కనపడదు. కనుక చదువు అవసరం పెరిగిందే గాని తగ్గలేదు. ఎమ్.ఆర్.ఐ.లో ఎక్స్ కిరణాలే ఉండవు. కాని అక్కడి అయస్కాంతం ఇనుప ఆక్సిజన్ సిలిండరును కూడా లాగేసుకుంటుంది. గుండెలో పేస్‌మేకరు ఉన్నదా అని అడగడం మరిచినవాడు ఆ గదికి తగడు.

ఇక చదువు సంగతి. మన రెండు రాష్ట్రాలలోనూ పారామెడికల్ బోర్డుల క్రింద చాలాకాలంగా ఉన్నది మెడికల్ ఇమేజింగ్ రెండేళ్ళ డిప్లొమా. విశ్వవిద్యాలయాల క్రింద బి.ఎస్సీ. ఉంది. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్ళు. 2021లో పార్లమెంటు ఈ వృత్తులకోసం ఒక చట్టం చేసింది. దాని ప్రకారం డిప్లొమా అయినా, డిగ్రీ అయినా రెండేళ్ళకు తక్కువ కాకుండా కనీసం 2,000 గంటల చదువు ఉండాలి. ఆరు నెలల కోర్సులకు అందులో చోటు లేదు. కువైట్ విశ్వవిద్యాలయంలో కూడా 1982లో ఏర్పడిన అనుబంధ ఆరోగ్యశాస్త్రాల కళాశాలలో ఈ విద్య డిగ్రీగానే చెబుతున్నారు. అలా చదివినవారి పక్కన నిలబడి పనిచేయాలన్న సంగతి మనవాళ్ళు గుర్తుంచుకోవాలి.

మేము ఎరిగిన ఒక తల్లి ఇక్కడ ఒక ఇంట్లో వంటపని చేసి, రెండేళ్ళు కొడుకు ఫీజు పంపింది. ఆ కాలేజీకి ఆస్పత్రి లేదు. పిల్లవాడు యంత్రాన్ని పుస్తకంలో బొమ్మగా తప్ప చూడలేదు. అతడిని ఇక్కడికి పిలిపించమని ఆమె మా దగ్గరకు వచ్చినప్పుడు, "కాగితం ఉంది గదా బాబూ" అంది. మాకు నోట మాట రాలేదు. ఆ అబ్బాయి మరో చోట మళ్ళీ మొదటినుండి చదువుకుంటున్నాడు. ఆమె దినారులు మాత్రం తిరిగి రాలేదు.

కనుక ఫీజు కట్టేముందు నాలుగు ప్రశ్నలు అడగండి. కాలేజీకి బోర్డు లేక విశ్వవిద్యాలయం గుర్తింపు ఉన్నదా? ఇది బ్రోచరులో గాక, బోర్డువారి జాబితాలోనే చూడండి. పిల్లలు ఏ ఆస్పత్రిలో, వారానికి ఎన్ని గంటలు పనిచేస్తారు? ఎక్స్-రే, సి.టి., ఎమ్.ఆర్.ఐ. మూడింటి దగ్గరా నిలబడనిస్తారా? పాసైనవారు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు? ఈ నాలుగింటికీ జవాబు చెప్పకుండా "గల్ఫ్ వీసా గ్యారంటీ" అన్నవారికి దండం పెట్టి వచ్చేయండి.

ఇక్కడ ఆరోగ్య మంత్రిత్వశాఖ లైసెన్సు లేనిదే ఎవరూ యంత్రం ముట్టుకోరాదు. సర్టిఫికెట్ల మీద మన రాష్ట్రంలోనూ, విదేశాంగ శాఖలోనూ, కువైట్ ఎంబసీలోనూ ముద్రలు పడాలి. సర్టిఫికెట్లు నిజమైనవేనా అని విచారిస్తారు. డబ్బిచ్చి సంపాదించిన అనుభవ పత్రం అక్కడ దొరికిపోతుంది. దానితో ఉద్యోగమే కాదు, పరువు కూడా పోతుంది. చదువు కాగానే తొందరపడక, మన ఊళ్ళలోనే మంచి ఆస్పత్రిలో రెండు మూడేళ్ళు చేయి తిరగనివ్వండి.

చివరగా ఒక్క మాట. మా గదికి వచ్చే మనవాళ్ళలో అరబ్బీ రానివారు, హిందీ అంతంతమాత్రం వచ్చినవారు ఉంటారు. "లా తితనఫ్ఫస్" అంటే బిత్తరపోతారు. "అమ్మా, ఊపిరి గట్టిగా పీల్చి బిగపట్టు" అన్నప్పుడు వారి ముఖంలో కనిపించే నెమ్మది చూసినప్పుడల్లా మా చదువుకు ఫలం దక్కిందనిపిస్తుంది. అటువంటి బిడ్డలు మన తెలుగు ఇళ్ళనుండి ఇంకా రావాలి, కాని తయారై రావాలి.

సభ తర్వాత భోజనాల దగ్గర మేము ఉంటాము. కాలేజీ బ్రోచర్లు ఉంటే తెచ్చి చూపించండి, కలిసి చూద్దాము.