వాక్ స్వాతంత్ర్యము – ద్వేష భాషణము
(సభలో చేసిన ప్రసంగ పాఠము)



నాకిచ్చిన అంశము చిక్కైనది. మాట స్వేచ్ఛను కాపాడబోయి ద్వేషమును పెంచరాదు. ద్వేషమును అణచబోయి మాటను చంపరాదు.

మన రాజ్యాంగములోని 19వ అధికరణము పౌరులందరికిని మాటలాడు స్వేచ్ఛ నిచ్చినది. అది అమలులోనికి వచ్చిన కొలది నెలలకే పరీక్ష ఎదురైనది. ఆంధ్ర ప్రాంతము కూడ చేరియుండిన నాటి మద్రాసు రాష్ట్రములోనికి 'క్రాస్ రోడ్స్' అను వారపత్రిక రాకూడదని ప్రభుత్వము నిషేధించినది. సంపాదకుడు రమేష్ థాపర్ సుప్రీం కోర్టుకు పోగా, 1950లో ఆ నిషేధము చెల్లదని తీర్పు వచ్చినది. మరుసటి ఏడు, 1951లో, రాజ్యాంగమును మొదటిసారి సవరించి, ప్రజాశాంతి కొరకును, నేరమునకు పురికొల్పుటను ఆపుటకును 'సహేతుకమైన' ఆంక్షలు విధింపవచ్చునని చేర్చిరి. ఆ 'సహేతుకమైన' అను మాటయే మనకు రక్ష. దానిని బట్టియే న్యాయస్థానము ప్రతి ఆంక్షను తూచి చూడగలదు.

మరి గీత ఎక్కడ గీయవలెను? 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీం కోర్టు మూడు మెట్లు చూపినది: చర్చించుట, ఒక పక్షమును బోధించుట, పురికొల్పుట. మొదటి రెండును మనకెంత చేదైనను స్వేచ్ఛలోనివే. "ఫలానావారి నమ్మకము తప్పు" అని సంతలో నిలిచి వాదించుట చర్చ. "వారి ఇండ్లు తగులబెట్టుదము రండి" అనుట పురికొల్పుట. చట్టము చేయి చాపవలసినది ఇక్కడనే. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో, వర్గముల నడుమ వైరము పెంచుటకు 196వ సెక్షను, ద్వేషబుద్ధితో కావలెనని మతమును అవమానించుటకు 299వ సెక్షను కలవు.

అయితే పురికొల్పు మాట ఒక్కనాడు పుట్టదు. అంతకుముందే పొరుగువానిని మనిషి కాడనుట అలవాటగును. రువాండా దేశములో 1993లో మొదలైన ఒక రేడియో టుట్సీలను బొద్దింకలని పిలిచెడిది. 1994లో సుమారు 100 దినములలో 8 లక్షలమంది వరకు హతులైరి. ఆ రేడియో స్థాపకులకు 2003లో రువాండా కొరకు ఏర్పడిన అంతర్జాతీయ నేర న్యాయస్థానము శిక్ష విధించినది. చనిపోయినవారు మాత్రము తిరిగి రాలేదు. చట్టము సాధారణముగా ఆలస్యముగానే వచ్చును. దానికి ముందు రావలసినవారము మనము.

కావున మూడు పనులు మనవి. ఒకటి, అబద్ధపు నింద వినబడిన చోటనే "అది నిజము కాదు" అని నెమ్మదిగా, గట్టిగా చెప్పుట. రెండు, నింద పడినవాని గుమ్మము తొక్కి, "మేమున్నాము" అనుట. మూడు, హింసకు పిలుపు వినబడిన, అన్న మాటలు, తేదీ, స్థలము వ్రాసి పోలీసులకు వెంటనే తెలుపుట. ఫిర్యాదు లేకున్నను కేసు పెట్టవలెనని 2023లో సుప్రీం కోర్టు అన్ని రాష్ట్రములను ఆదేశించినది.

ఒక్క హెచ్చరిక. తనను విమర్శించిన వెంటనే ఠాణాకు పరుగెత్తి, పొరుగువానిని దూషించినప్పుడు విననట్లు పోవువాడు స్వేచ్ఛను గాని శాంతిని గాని కోరువాడు కాడు. రెండు సందర్భములకును ఒకే తూనికరాయి ఉండవలెను.