రత్నములు, రాళ్ళు, మన మాటలు

(మన్నళ్ళిలో తెలుగు కుటుంబముల కూటమి యందు చేసిన ప్రసంగ పాఠము)



దేశదేశముల రత్నములను గూర్చి మాటలాడుమని మిత్రులు కోరినపుడు మేము కొంత సంకోచించితిమి. బర్మా కెంపును గాని కొలంబియా పచ్చను గాని గాజు పెట్టెలో తప్ప చూచి యెరుగము. కాని యోచింపగా, ఈ విషయమునకు మన ఊరి నుండియే దారి యున్నదని తోచినది.

బీదరు కోటలోని రంగీన్ మహలు మీలో చాలమంది చూచినదే. అచట నల్లరాతిని చెక్కి, ముత్యపు చిప్ప తునకలను పొదిగినారు. 16వ శతాబ్దిలో అలీ బరీద్ షా కాలపు పని యది. మనము ఒక్క అడుగు ప్రక్కకు జరిగినచో తునక రంగు మారును. చిప్పలోని పలుచని పొరలు వెలుగును విరిచి పంపుటయే అందులకు కారణము. (బిదిరీ పనిని గూర్చి మీకు మేము చెప్పవలసినది లేదు.)

చూపరుల కన్ను చిప్ప మీదనే నిలుచును. మాకు ఆ నల్లరాయియే ఎక్కువ వింతగా తోచును. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట దక్కను నేలపై పారిన లావా చల్లారి ఇట్టి రాయి అయినది. చల్లారునపుడు లోని వాయువులు బుడగలై నిలిచి గుల్లలు ఏర్పడినవి. తరువాత ఆ గుల్లలలో నీరు ఊరి, ఆ నీటిలోని ఖనిజములు పేరుకొని, స్ఫటికములైనవి. పూనా, నాసిక్, జల్‌గావ్ ప్రాంతముల క్వారీలలో దొరకు లేత పచ్చని అపోఫిల్లైటును, గులాబి వన్నె స్టిల్‌బైటును లోకమందలి మ్యూజియములు అపురూపముగా దాచుకొనుచున్నవి. పూనా చెంత వాఘోలిలో దొరకు కావన్‌సైటు నీలిమను చూచినవారు మరువలేరు.

మన జిల్లా నల్లరాయియు ఆ ప్రవాహములలోనిదే. బాల్యమున బావి త్రవ్విన చోట మట్టికుప్పలో మాకొక తెల్లని మెరుపురాయి దొరకినది. రెండు దినములు ఆడుకొని పారవైచితిమి. అది ఏమి రాయియో నేటికిని తెలియదు!

వజ్రముల కథ మీరెరిగినదే. కృష్ణాతీరమందలి కొల్లూరు గనిలో అరువది వేలమంది పని చేయుచుండిరని ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే వ్రాసెను. అతడు మన దేశమున కొని పదునాలుగవ లూయీకి అమ్మిన నీలి వజ్రమును తరువాత మరల కోసిరి. హోప్ వజ్రమను పేర అది 1958 నుండి వాషింగ్టనులోని స్మిత్‌సోనియను మ్యూజియములో నున్నది. అది కొల్లూరు గనిదే యని పలువురి తలంపు.

రాళ్ళు పోయినవి, మాటలైనను నిలిచినవా? కెంపు, నీలము, రెండును ఒకే ఖనిజము. ఇసుమంత క్రోమియము చేరిన ఎరుపు, ఇనుము, టైటానియము చేరిన నీలము. ఆ ఖనిజమును ఇంగ్లీషువారు 'కోరండం' అందురు. అది మన దక్షిణ భాషల మాటయే. మనము కురువిందమందుము, తమిళులు కురుందమందురు. కన్నడమున 'కెంపు' అనగా ఎరుపు రంగు, మనకది రత్నము. ఇరుగు పొరుగు భాషలు ఒక మాటను ఇట్లు పంచుకొనుట మాకు ముచ్చట గొల్పును. కాని మన యిండ్లలో పిల్లలు అవ్వ కమ్మలలోని రాయిని చూపి 'రెడ్ స్టోన్' అనుచున్నారు. గోమేధికము, పుష్యరాగము, వైడూర్యము అను పేర్లు పెద్దల నోటనే మిగిలినవి.

కావున మా మనవి యిది. ఇకపై బావి గాని బోరు గాని త్రవ్వినపుడు మెరయు రాయి కనబడినచో పారవేయక కడిగి యుంచుడు. ఏ చేను, ఎంత లోతు, ఏ సంవత్సరము అను సంగతులు తెలుగున ఒక చీటిపై వ్రాసి దానికి అంటింపుడు. ఇంటి నగలలోని రాళ్ళ పేర్లను అవ్వలను అడిగి పిల్లలచేతనే వ్రాయింపుడు. వచ్చు కూటమికి ఆ రాళ్ళను, చీటీలను తెండు. ఒక బల్ల మేము సిద్ధము చేయుదుము.