మందమైన చెవి – తగిన స్టెతస్కోపు



జమ్మలమడుగులో లండన్ మిషనువారు క్యాంబెల్ ఆసుపత్రిని నెలకొల్పిన నాటినుండియు నర్సుల సేవ మన సీమకు పరిచితమే. నేడు ప్రొద్దుటూరునుండియు, పులివెందులనుండియు ఎందరో బాలికలు ఆ చదువునకు పోవుచున్నారు. అట్టివారిలో ఒకరికి చెవి కొంత మందమనుకొందము. తోటివారికి వినవచ్చు చప్పుడు ఆమెకు వినరాదు. చెప్పుటకు సిగ్గు, చెప్పినచో చదువు మాన్పింతురేమోయని భయము. కావున ప్రక్కపిల్ల చెప్పిన అంకెనే తానును వ్రాయును. ఈ మౌనమువలన నష్టపోవునది ఆమె యొక్కతెయే కాదు. రక్తపోటు తప్పుగా వ్రాయబడిన గర్భిణియు నష్టపోవును.

1816లో పారిస్ నగరమున లాయెన్నెక్ అను వైద్యుడు కాగితమును గొట్టముగా చుట్టి, రోగి ఎదపై నుంచి వినెను. అనగా, వట్టి చెవికి చాలని ధ్వనిని వినిపించుటకే ఈ పరికరము పుట్టినది. మంచి చెవిగల వైద్యుడే సాయము కోరగా, మందమైన చెవిగలవారు మరికొంత సాయము కోరుటలో చిన్నతన మేమున్నది?

ప్రొద్దుటూరులో బంగారము కొనువారు గీటురాయి చూడక వెల చెల్లింపరు. ఇచటను ముందు పరీక్ష, పిదప బేరము. చెవి వైద్యునివద్దకు పోవలెను. ఒక్కొక్కప్పుడు గులిమి తీసినంతనే చిక్కు తీరును. తీరనిచో ఏ స్థాయి శబ్దములు వినరావో ఆడియోగ్రాము తెలుపును. గుండె చప్పుళ్లును, రక్తపోటు చూచునపుడు వినవచ్చు చప్పుళ్లును మంద్రస్థాయివి. ఊపిరితిత్తుల శబ్దములలో కొన్ని అంతకు హెచ్చుస్థాయివి. హెచ్చుస్థాయి మాత్రమే వినరానివారికి రక్తపోటు చూచుటకు మేలైన మామూలు స్టెతస్కోపే చాలవచ్చును. మంద్రస్థాయియు తగ్గినచో ధ్వనిని పెంచు ఎలక్ట్రానిక్ స్టెతస్కోపు అవసరము.

వినికిడి యంత్రము ధరించువారు మరియొకటి గమనింపవలెను. ఆ యంత్రము ముఖ్యముగా మాటలకొరకు చేయబడినది. గుండె చప్పుడును చక్కగా అందింపకపోవచ్చును. యంత్రమును తీసి వినగలవారు చెవిలో నుంచుకొను ఎలక్ట్రానిక్ రకమును తీసికొనవచ్చును. తీయలేనివారికి, పైనుండి హెడ్‌ఫోను పెట్టుకొను రకమో, బ్లూటూత్ ద్వారా యంత్రమునకే ధ్వనిని పంపు రకమో నప్పును. అన్ని రకములు అన్ని యంత్రములకు కుదరవు. కావున తన యంత్రముతో పరీక్షించి చూచిన పిదపనే కొనవలెను. శబ్దమును తెరపై గీతగా చూపునవియు కలవు. అయితే ధ్వనిని పెంచు పరికరము వార్డులోని గందరగోళమునుగూడ పెంచునని మరువరాదు.

విద్యాసంస్థలు వ్యక్తి అవసరమునకు తగిన సదుపాయము కల్పింపవలెనని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము చెప్పుచున్నది. ప్రవేశ నిబంధనలను మాత్రము వేరుగా విచారించుకొనవలెను.

తలిదండ్రులకు మా మనవి యొకటే. పిల్ల చెవి సంగతి దాచమని బోధింపకుడు. “నాకు వినబడలేదు, మరల చూచెదను” అని చెప్పగల నర్సు చేతిలోనే రోగి క్షేమముగా నుండును.