తట్ట మోసే చేతికి తాపీ అందాలి
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్మాణ రంగంలో మహిళల గురించి మాట్లాడమని నన్ను కోరారు. ఈ రంగానికి స్త్రీ కొత్తది కాదు. ఇసుక, కంకర, ఇటుక ఏనాటి నుంచో ఆమె తలమీదుగానే పై అంతస్తుకు చేరుతున్నాయి. ఆమెకు కొత్తగా దక్కినది నిర్ణయం చేసే అధికారం.

మన తెలుగు ఆడపడుచు ఎ. లలితగారు 18 ఏళ్ళకే భర్తను కోల్పోయి, చంటిబిడ్డ ఉండగానే మద్రాసు గిండీ కళాశాలలో చదివి 1943లో ఇంజనీరయ్యారు. భాక్రా నంగల్ విద్యుత్ లైన్ల రూపకల్పనలో పాల్గొన్నారు. అదే కళాశాలలో సివిల్ చదివిన పి.కె. త్రేసియాగారు 1971లో కేరళ ప్రజాపనుల శాఖకు చీఫ్ ఇంజనీరయ్యారు. మన ప్రకాశం జిల్లా పల్లెలో పుట్టిన ఆచార్య జి. మాధవీలతగారు చీనాబ్ రైలు వంతెన కోసం కొండవాలుల పటిష్ఠతపై 17 సంవత్సరాలు సలహాదారుగా శ్రమించారు. నదికి 359 మీటర్ల ఎత్తున నిలిచిన ఆ వంతెన 2025 జూన్‌లో ప్రారంభమైంది.

లలితగారి వెనుక అదే కళాశాలలో ఆచార్యుడైన తండ్రి నిలిచారు. తట్ట మోసే ఆడమనిషి వెనుక ఎవరున్నారు? సైటు ఇంజనీరుగా నేను ఏళ్ళ తరబడి చూశాను. మాలు పాళ్ళు కంటితో చెప్పగల ఆడకూలి కూలిగానే మిగిలేది. ఆమెతో వచ్చిన కుర్రవాడు కొన్నేళ్ళకే మేస్త్రి అయ్యేవాడు. సమాన వేతన చట్టం 1976లో వచ్చినా ఆడకూలి, మగకూలి అని రెండు రేట్లు నడిచాయి. 50 మందికి పైగా స్త్రీలు పనిచేసే చోట ఆరేళ్ళలోపు పిల్లలకు శిశువిహారం ఉండాలని 1996 చట్టం చెప్పింది. నేను చూసిన సైట్లలో చెట్టుకొమ్మకు కట్టిన చీర ఉయ్యాలే శిశువిహారం!

మనలో చాలామందిమి రిటైర్మెంటు సొమ్ముతో ఇల్లు కట్టుకుంటాము. అప్పుడు మేస్త్రిని రెండు మాటలు అడుగుదాం. ఒకే పనికి ఒకే కూలి ఇమ్మందాం. నేర్చుకుంటానన్న ఆడమనిషికి ముందుగా కాంపౌండు గోడ దగ్గరైనా తాపీ ఇమ్మందాం. డబ్బు చెల్లించేది మనమే కనుక మన మాటకు విలువ ఉంటుంది.

అలాగే, సివిల్ చదివిన మనవరాలికి సైటులో ఉద్యోగం వస్తే, "ఎండలో ఎందుకమ్మా, ఆఫీసు పని చూసుకో" అనకండి. పునాది తవ్వేటప్పుడు దగ్గర నిలబడి చూసిన వారికే రేపు చీఫ్ ఇంజనీరు కుర్చీలో ధైర్యంగా సంతకం పెట్టడం వస్తుంది.