వెనక్కి వంగని నడుములు

(సోలాపూర్‌లో జరిగిన సాంచా కార్మికుల సభలో యూనియన్ కార్యదర్శి చేసిన ఉపన్యాస పాఠం)



కూలి రేట్ల గురించి, బోనసు గురించి ఈ వేదిక మీద ఎన్నోసార్లు మాట్లాడుకున్నాము. ఈ రోజు నడుము గురించి మాట్లాడదలచాము. నవ్వకండి. నలభై దాటినవాళ్లలో నడుము నొప్పి ఎరగనివాళ్లు చెయ్యెత్తండి అంటే ఈ హాలులో ఎన్ని చేతులు లేస్తాయో మీకూ తెలుసు, మాకూ తెలుసు.

మన పని ఎలాంటిది? పోగు తెగినప్పుడల్లా సాంచా మీదికి వంగాలి. కండె మార్చాలంటే వంగాలి. బీము ఎక్కించాలంటే ఇద్దరు ముగ్గురు కలిసి వంగి లేపాలి. ఇంటి దగ్గర మన ఆడవాళ్లు చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతుంటే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మెడా వీపూ వంగే ఉంటాయి. రోజుకు ముందుకు ఎన్ని వందల సార్లు వంగుతామో లెక్క లేదు. మరి వెనక్కి? ఒళ్లు విరుచుకున్నప్పుడు ఒక్కసారి, అంతే.

ఈ సంగతి మీద జీవితమంతా పని చేసిన ఒక ఫిజియోథెరపిస్టు ఉన్నారు. పేరు రాబిన్ మెకెంజీ. న్యూజిలాండ్ దేశస్థుడు, 1931లో పుట్టారు. 1952లో చదువు ముగించి, మరుసటి ఏడు వెల్లింగ్టన్‌లో సొంతంగా వైద్యం మొదలుపెట్టారు. ఆ కాలపు ఫిజియోథెరపీ అంటే కాపడం పెట్టడం, మర్దన చేయడం, యంత్రం పెట్టడం. రోగి పడుకుంటాడు, వైద్యుడు చేస్తాడు. వ్యాయామం చెప్పినా ముందుకు వంగేదే ఎక్కువ. అమెరికా డాక్టరు పాల్ విలియమ్స్ 1937 నుంచి ప్రచారం చేసిన వ్యాయామాలు అలాంటివే. నడుము నొప్పి ఉన్నవాడు వెనక్కి వంగితే ప్రమాదమని చాలామంది వైద్యులు నమ్మేవారు.

1956లో ఆయన దగ్గరికి ఒక రోగి వచ్చాడు. పుస్తకాల్లో అతన్ని మిస్టర్ స్మిత్ అనే అంటారు. నొప్పి నడుములో మొదలై పిరుదు మీదుగా మోకాలి దాకా దిగేది. మూడు వారాలు వైద్యం చేసినా గుణం లేదు. ఒక రోజు మెకెంజీ అతన్ని, లోపలికి వెళ్లి బల్ల మీద బోర్లా పడుకోమన్నారు. అంతకు ముందు వచ్చిన రోగి కోసం ఆ బల్ల తల వైపు పైకి ఎత్తి ఉంది. దాన్ని ఎవరూ దించలేదు. స్మిత్ అలాగే, నడుము వెనక్కి విరిగినట్టుగా, ఐదు నిమిషాలు పడుకున్నాడు. మెకెంజీ వచ్చి చూసి కంగారు పడ్డారు. ఎలా ఉందని అడిగితే, మూడు వారాల్లో ఇంత సుఖంగా ఎప్పుడూ లేదన్నాడు రోగి. కాలిలో నొప్పి పోయింది. మిగిలింది నడుము మధ్యకు వచ్చి ఆగింది.

ఇంకొకరైతే అదృష్టం అనుకొని వదిలేసేవారు. మెకెంజీ వదల్లేదు. వచ్చిన ప్రతి రోగిచేత ఒకే కదలిక మళ్లీ మళ్లీ చేయించి, నొప్పి ఎటు కదులుతుందో గమనించారు. కాలిలోని నొప్పి నడుము వైపు వెనక్కి వస్తే అది మంచి గుర్తు, ఆ కదలికే మందు. నడుములోని నొప్పి కాలిలోకి దిగుతుంటే ఆ కదలిక ఆపాలి. చాలామందికి వెనక్కి వంగడం పనిచేసింది. కొందరికి ముందుకు వంగడం, కొందరికి పక్కకు జరగడం పనిచేసింది. అందుకే మీ పక్కింటాయనకు తగ్గింది కదా అని మీరూ అదే చేయకండి. ముందు పరీక్ష చేయించుకోవాలి.

1980లో ఆయన మామూలు జనం కోసం ఒక చిన్న పుస్తకం రాశారు. పేరు ‘ట్రీట్ యువర్ ఓన్ బ్యాక్’, అంటే నీ నడుముకు నువ్వే వైద్యం చేసుకో అని. 2013లో చనిపోయే దాకా ఆయన చెప్పిందిదే: వైద్యుడి పని నేర్పడం, చేసుకోవాల్సింది రోగి. బోర్లా పడుకొని చేతుల మీద ఛాతీ లేపే ఆ కదలిక చూస్తే మనవాళ్లకు భుజంగాసనం గుర్తొస్తుంది. తాలింఖానాలో దండీలు తీసిన పెద్దలకైతే చెప్పనే అక్కర్లేదు. ఆయన అక్కడి నుంచి తీసుకున్నారని మేము అనడం లేదు. ఒంటికి తెలిసిన సంగతి రెండు చోట్ల బయటపడింది, అంతే.

ఇది సర్వరోగ నివారిణి కూడా కాదు. 1998లో అమెరికాలో 321 మంది మీద జరిపిన పరిశీలనలో మెకెంజీ పద్ధతికీ, ఎముకలు సర్దే కైరోప్రాక్టిక్ వైద్యానికీ ఫలితం దాదాపు సమానంగా వచ్చింది. ఊరికే ఒక చిన్న పుస్తకం చేతికిచ్చి పంపినవాళ్లకన్నా ఈ రెండు రకాలవాళ్లకూ కాస్త మాత్రమే మెరుగు. మాకు ఇందులో నిరాశ ఏమీ కనిపించలేదు. విషయం తెలిసిన మనిషి తన నడుమును తాను చాలావరకు కాపాడుకోగలడనే అర్థమైంది.

ఇప్పుడు మన సంగతికి వద్దాము. నొప్పి వస్తే మనం చేసేదేమిటి? సూది వేయించుకొని అదే పాళీకి ఎక్కుతాము. నొప్పి తెలియదు కాబట్టి ఇంకా బరువు ఎత్తుతాము. ఒక యజమాని దగ్గరికి బీము మోసే బండి అడగడానికి వెళితే, “మీవాళ్లను వ్యాయామం చేయమనండి, బండి ఎందుకు?” అన్నాడు. వ్యాయామం చేస్తే బీము బరువు తగ్గదు కదా! మెకెంజీ పుస్తకం కూడా నొప్పికి కారణాలు చెబుతూ ఎక్కువసేపు వంగి ఉండడాన్నీ, మళ్లీ మళ్లీ వంగడాన్నీ ముందు పెడుతుంది. ఆ కారణం షెడ్డులో ఉంది, మన బద్ధకంలో లేదు.

నిలబడి పదిసార్లు వెనక్కి వంగడానికి ఒక్క నిమిషం పడుతుంది. కానీ నాలుగు సాంచాలు చూసే మనిషికి ఆ నిమిషం ఎవరిస్తారు? ఆలోపు పోగు తెగితే గుడ్డ పాడవుతుంది, కోత కూలిలో పడుతుంది. అందుకని ఈసారి డిమాండ్ల పత్రంలో మూడు మాటలు చేర్చాము: ప్రతి షెడ్డుకూ బీము బండి, రెండు గంటలకోసారి ఐదు నిమిషాలు సాంచాలు చూసే బదిలీ మనిషి, ఈఎస్ఐలో పాళీ దిగినవాళ్లకు అందే వేళల్లో ఫిజియోథెరపీ.

ఒక జాగ్రత్త. కాలు పట్టు తప్పినా, మూత్రం గాని దొడ్డి గాని అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ పోయినా వ్యాయామాల జోలికి పోకండి. ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లండి. కింద పడ్డ తర్వాత వచ్చిన నొప్పికీ, జ్వరంతో కూడిన నొప్పికీ కూడా ముందు డాక్టరే.

వచ్చే సెలవు రోజు సాయంత్రం ఒక ఫిజియోథెరపిస్టు మన యూనియన్ ఆఫీసుకు వస్తున్నారు. ఒక్కొక్కరినీ చూసి, ఎవరికి ఏ కదలికో చెబుతారు. బీడీలు చుట్టే అక్కచెల్లెళ్లను తప్పక వెంటబెట్టుకు రండి, వాళ్లను ముందు చూస్తారు. ఆఫీసులో బల్లలు లేవు, నేల మీదే పడుకోవాలి. ఊరందరికీ చద్దర్లు నేసే మనకు కొరతా? ఇంటికొకటి చంకన పెట్టుకు రండి.