వెల్డర్ పీల్చే గాలి

వెల్డింగ్ పొగ క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లోనే తేల్చింది. స్టెయిన్‌లెస్ స్టీల్ అతికేటప్పుడు ఆ పొగలో నికెల్, మాంగనీస్‌తో పాటు ఊపిరితిత్తులకు క్యాన్సర్ తెచ్చే హెక్సావేలెంట్ క్రోమియం కూడా ఉంటుంది. దాన్ని కొలవాల్సింది వెల్డర్ ముక్కు దగ్గరే. నడుముకు చిన్న పంపు కట్టి, గొట్టాన్ని భుజం మీదుగా తెచ్చి, ఫిల్టరున్న డబ్బీని షీల్డు లోపల అమర్చాలి. షెడ్డు తలుపులు తీసే ఉన్నాయి కదా అంటారు. కానీ వంగి పనిచేసే మనిషి మొహంలోకే పొగ లేస్తుంది. పైగా అమెరికా నిబంధన ప్రకారం 8 గంటల సగటున ఘనపు మీటరు గాలిలో ఈ క్రోమియం 5 మైక్రోగ్రాములు మించకూడదు. అంత సన్నటి లెక్క కంటికి అందదు. మూత్ర పరీక్ష చాలదా? లోహం ఒంట్లో చేరిందని అది చెబుతుంది గానీ, ఏ పనిలో చేరిందో చెప్పదు. రెండూ చేయించాలి. యజమానులారా, కొలిచిన అంకెను ఆ వెల్డరుకు కూడా చెప్పండి.