లోపలినుండి వచ్చినానన్నవాని మాట
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము పావగడ తాలూకా తిరుమణివారము. ఊరు కర్ణాటకలోనిదైనా ఇంటిలో మాట తెలుగే. రైల్వే గుమస్తా పని దొరికి ఊరు విడిచినవారము. పండుగనాడు మంచిమాటలు చెప్పుట మర్యాద. మేము మాత్రము మా తప్పు ఒకటి చెప్పుకొనుటకు నిలబడినాము.

2018లో మా ఊరి చుట్టుప్రక్కల సుమారు 13,000 ఎకరాలలో సోలార్ పార్కు లేచుచున్నది. పనికై ఎక్కడెక్కడివారో వచ్చుచున్నారు. ఆ రోజులలో మా ఫోనుకు ఒక గొంతు వచ్చినది. “పిల్లలనెత్తుకొనిపోయే రహస్యముఠాలో ఉండి బయటపడినవాడను. ప్రాణాలకు తెగించి చెప్పుచున్నాను” అని. మేము వెనుకాముందు చూడక దానిని ఊరికి పంపినాము.

వారము తిరగకముందే, పని వెదకుకొనుచు వచ్చిన ఒక కుర్రవానిని నలుగురూ చెట్టుక్రింద కూర్చుండబెట్టి చుట్టుకొన్నారు. మా అమ్మ చెంబుతో నీళ్లిచ్చి, “ఏ ఊరప్పా నీది? మీ ఊర్లో ఎవురుండారు?” అని అడిగినది. మడకశిర దిక్కు పల్లె పేరు చెప్పినాడు. అక్కడివారికి ఫోను చేయగా నిజమని తేలినది. కుర్రవాడు క్షేమముగా వెళ్లినాడు.

ఆ యేడే జూలై 13న బీదరు జిల్లా ముర్కి గ్రామములో అట్లు జరుగలేదు. హైదరాబాదునుండి వచ్చిన స్నేహితులు పిల్లలకు చాక్లెట్లు ఇవ్వగా, దొంగలని ఫోనులలో వార్త పాకినది. వారిలో ఒక యువకుని గుంపు కొట్టి చంపినది. ఆపబోయిన పోలీసులకూ దెబ్బలు తగిలినవి.

“లోపలినుండి వచ్చినాను” అనుట పాత వ్యాపారమే. ఫ్రీమేసన్లను సంఘము కలదు. హైదరాబాదులోని గోషామహల్ బారాదరిలో కూడ వారు సమావేశమగుదురు. తమ తంతును బయటివారికి చూపరు గనుక బయట కథలు పుట్టును. ఫ్రాన్సులో లియో తాక్సిల్ అను రచయిత 1881లో అందులో చేరి, మొదటి మెట్టుమీదనే వెలివేయబడినాడు. 1885లో పశ్చాత్తాపము నటించి, ఆ సంఘమువారు సైతానును కొలుతురని పుస్తకములమీద పుస్తకములు వెలువరించినాడు. మారుపేరుతో వచ్చిన ఒక గ్రంథములో మన పాండిచేరి, కలకత్తాలనూ ఆ పూజలకు నిలయములు చేసినారు. మొసలి పియానో వాయించినదట! చదువుకొన్నవారే నమ్మినారు. 1887లో పోపుగారి దర్శనము సైతము లభించినది. డయానా వాన్ అను స్త్రీ ఆ గుంపు విడిచి వచ్చినదని మరొక కథ. తుదకు 1897 ఏప్రిల్ 19న పారిస్ సభలో, పండ్రెండేండ్లుగా చెప్పినదంతా బూటకమని, డయానా తన టైపిస్టు పేరని ఆయనే చెప్పినాడు.

కట్టినవాడే కథను కూల్చినా దాని ముక్కలు నేటికీ తిరుగుచున్నవి. 1776లో బవేరియాలో పుట్టి, పదేండ్లలోపే నిషేధము పాలైన ఇల్యూమినాటి పేరు చెప్పి, అందులోనుండి వచ్చినామనువారు నేడూ కలరు. ఆధారమేదన్న, వారు మాయము చేసినారందురు. మరల అడిగిన, నీవూ వారిలోనివాడవే అందురు. ఇక అడుగుటకు దారి యేది?

నిజముగా లోగుట్టు బయటపెట్టి మేలు చేసినవారు లేకపోలేదు. వారు కాగితము చూపుదురు, తేదీ చెప్పుదురు, కోర్టులో ప్రమాణము చేయుదురు. మా గూడ్సు ఆఫీసులోనూ అంతే. మూటలో ఏమున్నదో ఎంత చక్కగా వర్ణించినా రసీదు లేనిదే సరుకు విడువము. రసీదు పోయినదన్నవాడు, తప్పయినచో నష్టము తనదని ఇండెమ్నిటీ బాండు వ్రాసి ఇయ్యవలెను. రోజూ ఇతరులను రసీదు అడిగే మేము, ఆ గొంతును మాత్రము అడుగలేదు. మేము పంపినదానికి బాండు వ్రాసినదెవరు? ఆ చెట్టుక్రింద కుర్రవాడు.

పొట్ట చేతబట్టుకొని వచ్చిన మనమందరమూ ఎవరి ఊరిలోనో కొత్తవారమే. ఆ చెట్టుక్రింద రేపు మన బిడ్డ కూర్చుండవచ్చును. కావున ఈ ఉగాదినుండి, చేతికి వచ్చిన ప్రతి మాటనూ ముందుకు పంపకముందే మా అమ్మవలె అడుగుదము: “ఏ ఊరప్పా నీది?”